వెనకద్దం కింద జానెడు చోటు

డిపో మేనేజరు చీటీ ఇచ్చినాడు:
'బస్సులో ప్రయాణించండి, కాలుష్యాన్ని నివారించండి.'
తెల్లరంగు డబ్బా మూత తీసి
కుంచె ముంచి
అట్లే నిలబడిపోయినా.

ఇరవైరెండేండ్లుగా నేను రాసేవి ఇట్లాంటివే.
'దూరము పాటించండి' అని రాస్తే
చదివేదానికే దగ్గరకొచ్చి గుద్దుకున్నారు జనం.

నిజం చెప్పాలంటే
నేను డిపోకొచ్చేది స్కూటరు మీద.
పోయిన నెల దాని ఇంజను చచ్చి
తొమ్మిది దినాలు మురకంబట్టు నుంచి
పల్లెవెలుగులో వచ్చినా.

మొదటినాడంతా గడియారం చూసుకున్నా.
రెండోనాడు చెరువు మలుపు కాడ ఎక్కిన ఒకామె
కరేపాకు గంప నా ఒళ్ళో పెట్టేసి
"రవ్వంత పట్టుకో నాయినా" అనింది.
పేరడగలా, కులమడగలా.
చిత్తూరు వచ్చేదాకా నా చొక్కా
తాలింపు వాసన.

ఐదోనాడనుకుంటా,
కండక్టరు రెడ్డెమ్మ విజిలు నోట్లో పెట్టుకొని
ఊదకుండా నిలబడింది.
గొందిలోంచి నర్సింగు పిల్లొకటి
జడ సగం అల్లుకొని పరిగెత్తుకొస్తా ఉంది.
"వస్తాండాది! వస్తాండాది!"
కిటికీలన్నీ అరిచినాయి.
యాభైమంది ఒక పిల్ల కోసం ఆగేది
నా స్కూటరు మీద
నేనెప్పుడూ చూళ్ళా.

ఇంకొకటి.
ఆ వారమే మా వీధి లాయరు కారు
వర్కుషాపులో పడింది.
అది నిలబడే తావులో
ఢిల్లీబాబు కూతురు సుద్దముక్కతో
తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసింది.
సాయంత్రానికి నలుగురు పిల్లోళ్ళు,
వాళ్ళను పిలిచేదానికొచ్చి
పిలవడం మర్చిపోయిన ఇద్దరమ్మలు,
ఇంకా వేడి తగ్గని గోడకు
వీపానించిన దొరస్వామి తాత.
శుక్రవారం కారు తిరిగొచ్చింది.
గళ్ళమీదే నిలబడింది.
ఎవురూ ఏమనలా. లోపలికి పోయినారు.

అందుకే ఆ చీటీ మడిచి
జేబులో పెట్టుకొని
వెనకద్దం కింద జానెడు చోటులో రాసినా:

'ఒక కారు నిలబడే చోట
ఎంత ఊరు పడతాదో చూసినారా?'

మేనేజరు తల గోక్కున్నాడు.
"కాలుష్యం ఏదయ్యా?"
"ఉంది సార్, సైలెన్సరు కాడ."
నవ్వినాడు. నవ్వి,
ఆయన వాక్యం కూడా కింద
చిన్నక్షరాలతో రాయించినాడు.

ఇప్పుడు గాంధీ బొమ్మ కాడ
ఎర్రలైటు పడినప్పుడు
నా అక్షరాలు చూస్తా ఉంటారు జనం,
హారన్ మీద బొటనవేలు పెట్టుకొని.
వాళ్ళలో ఎంతమంది ఎక్కినారో
నాకు తెలీదు.

నేనైతే పాసు తీసుకున్నా.
స్కూటరు అమ్మలేదు లెండి.
రిపేరై వచ్చింది. ఆదివారం తీస్తా.
మిగతా దినాలు దాని సీటు మీద
పక్కింటి పిల్లి పండుకుంటాది.