రేడియేటర్‌కి నీళ్ళు

పొద్దుటి నుంచీ ఇది నాలుగో గుర్రం.
మీదున్న రాజు పేరు మ్జెవినార్ చెప్పింది,
ఎండకి మా కళ్ళతో పాటు చెవులూ మూతబడ్డాయి.
కత్తి ఎటు చూపిస్తే అటు నిలబడి ఫోటోలు దిగాం.
కోట గోడ నీడన పుచ్చకాయ కోసుకుని
శత్రువులు వచ్చిన దారిలోకే గింజలు ఉమ్మాం.

కఖేటి కొండ దిగుతుంటే
జాబితాలో లేని ఊళ్ళో ఓతియా బండి ఆపాడు.
"రేడియేటర్‌కి నీళ్ళు" అన్నాడు.

బడి పక్కన బూడిదరంగు రాయి.
యుద్ధానికెళ్ళి తిరిగిరాని ముప్ఫైఎనిమిది పేర్లు,
సగానికి ఒకటే ఇంటిపేరు.
గుర్రం లేదు. కత్తి లేదు.
మెట్టు మీద ఒక కోడి.

అతను చొక్కా అంచు తడిపి
పదకొండో పేరు మీది పిట్టరెట్ట తుడిచాడు.
అక్షరాల్లో పట్టిన నాచుని గోటితో గీకాడు,
నిద్రపోతున్న పిల్లాడి చెవి శుభ్రం చేసినంత మెల్లగా.
పన్నెండో పేరునీ తుడిచాడు,
పక్కవాడు కదా.

"ఇరవై నిమిషాలు ఆలస్యం" అంది మ్జెవినార్
గడియారం చూడకుండానే.

బండి కదిలింది.
నా కాళ్ళ దగ్గర పెట్టిన క్యాను
ఇంచుమించు నిండుగానే ఉంది,
మలుపు మలుపుకీ తొణుకుతూ
నా చెప్పులు తడిపింది.