చెరువు పుస్తకం వెనక పేజీలు

ముందు పేజీల్లో మేత, డీజిలు, సున్నం.
వెనక నుంచి తిప్పితే పిట్టలు.

పల్లంకుర్రు దాటాక మూడో నంబరు చెరువు గట్టు.
ఉప్పు తగిలి తలలు రాలిన కొబ్బరి మోళ్ళు ఏడు.
ఐదోదానికి, రెండు నిలువుల ఎత్తులో,
పిడికిలి పట్టేంత బెజ్జం.
ఈ నీళ్ళు పెట్టకపోతే చెట్లు చచ్చేవి కావు.
చెట్లు చావకపోతే

నాది రాత్రి కాపలా. పగలు పల్లాలమ్మది.
ఆరింటికి టార్చిలైటు చేతులు మారుతుంది,
కారేజీ చేతులు మారుతుంది.
పుస్తకం మోటారు షెడ్డులో మేకుకి వేలాడుతుంది.

నేను రాసింది:
"నెత్తంతా ఎర్రకుచ్చున్నది మునిమాపు లోపలికి దూరింది.
తెల్లారేదాకా రాలేదు. ఇది మగది."
ఆవిడ రాసింది:
"నుదురు నలుపు, మీద తెల్ల చుక్కలు. ఆడది.
చెక్కిన పొట్టు ముక్కుతో తోడి బయటికి విసిరేస్తుంది.
నువ్వు గుమ్మంలో ఊడ్చినట్టు కాదు."

మార్చి తొమ్మిది. గోరింకలు నాలుగొచ్చి బెజ్జం మాదన్నాయి.
రెండు రోజులు పొడుచుకున్నాయి.
పచ్చబంగారం ఈక ఒకటి ఏరియేటరు నురగలో
తిరిగి తిరిగి గట్టుకి తగిలింది.
మేత లెక్కల దగ్గర పెట్టాను. ఇంకా ఉంది.

పదిహేడు. పల్లాలమ్మ అక్షరాలు, గజిబిజిగా:
"జెర్రిపోతు మోడెక్కింది. ఇవి రెండూ గోల పెట్టాయి.
పసులపోలిగాళ్ళొచ్చాయి. ఉడుత కూడా అరిచింది.
మొన్న కొట్టుకున్న గోరింకలే అందరికంటే ముందు దిగాయి.
నేనూ గెడ పట్టుకుని పరిగెత్తాను.
ఆ గుంపులో నన్నూ ఒకదాన్నని రాసుకో."

మేనేజరు నరసరాజు చెప్పాడు:
"ఆ మోడు కరెంటు తీగ మీద పడుద్ది, కోయించెయ్."
సరేనన్నాను. రంపం మొండిదన్నాను.
కొత్తది కావాలంటే అమలాపురం వెళ్ళాలన్నాను.
ఇంతలో చెరువుకి తెల్లమచ్చ తగిలింది.
దొరికింది దొరికినట్టు పట్టించే తొందరలో
ఆయన మోడు సంగతి మర్చిపోయాడు.
రొయ్య పోయింది. గూట్లో పిల్లలు బతికాయి.
ఇది ముందు పేజీలో రాయాలో, వెనకో తెలీలేదు.

చెరువు ఎండినా మోటార్లకి కాపలా మాదే.

మూడో వడ్రంగిపిట్ట ఒకటి వస్తోందని రాశాను.
గూటి పక్కనే వాలినా ఇవి తరమలేదు.
పోయినేటి పిల్లేమో.
కొట్టేశాను. మళ్ళీ రాసి ప్రశ్నగుర్తు పెట్టాను.
కింద ఆవిడ:
"నీ తమ్ముడూ అన్నం వేళకే వస్తాడు."

ఏప్రిల్ ఇరవై. నా పేజీ ఖాళీ.
ఆవిడది:
"పదకొండున్నరకి మొదటి పిల్ల ఎగిరింది.
రెండోది మోడుని కరుచుకుని
చాలాసేపు కిందికే చూసింది.
నిన్ను లేపుదామని ఇంటిదాకా వచ్చాను.
నోరు తెరుచుకుని పడుకున్నావు. లేపలేదు.
ఆ మూడోది కూడా వచ్చింది చూడ్డానికి.
ప్రశ్నగుర్తు ఉంచు."