మూడు వందల గ్రాములు

అజ్మాన్ల మా క్రీముల కంపెనీకి
అది నీలి డ్రమ్ములల్ల వస్తది.
రంగు లేదు, వాసన లేదు,
పోస్తుంటే చప్పుడు సుత లేదు,
తేనె కన్న ఓపికగ దిగుతది.
కొత్తల ఒక్కపారి నాలికకు రాసుకున్న:
తియ్యగనే ఉంది,
బెల్లం తీపి గాదు,
ఎవరింటి తీపో తెల్వని తీపి.

గ్లిజరిన్.
పామాయిల్ సబ్బు ఉడికినంక మిగిలేదంట.
సబ్బు మురికిని పట్టుకపోతది,
ఇది నీళ్లను పట్టుకొస్తది.
ల్యాబుల హనాన్ మేడం చెప్పింది,
సగం హిందీల, సగం చేతులతోని:
గాలిల నీళ్లుంటే గాలిలకెల్లి గుంజుతది.
లేకుంటే?
మేడం తన ముంజేతి తోలు
రెండు వేళ్లతోని లేపి సూపెట్టింది.
లోపట్నుంచి.

ఆ చలికాలం శమాల్ గాలి లేశింది.
పండ్ల నడుమ ఇసుక.
మా రూముల పోశెట్టి మడిమెలు
చెప్పుల పట్టేటట్టు లేవు.
"గన్ని డ్రమ్ములుండంగ మనకేం తక్కువ" అని
గిలాసెడు తెచ్చి ఉత్తదే పూసిండు,
నీళ్లు కలపకుంట.
తెల్లారేసరికి పగుళ్లు ఇంకింత నోరు తెరిచినయి.
నూరు పాళ్ల క్రీముల ఇది అయిదు పాళ్లే,
మస్తుగ పోసేది నీళ్లే అని చెప్తే
మడిమె పట్టుకోనే నవ్విండు:
"అంటె దొరసాన్లు డబ్బీలల్ల కొనేది నీళ్లేనా!"

ఆగస్టుది ఇంకో ముచ్చట.
తూకమేసిన వెడల్పు టబ్బుకు
మూత పెట్టుడు మరిచిన.
రెండు రాత్రులు.
కిటికీ సముద్రం దిక్కు.
మళ్ల కాంటా మీద పెడితే
ఇరవై కిలోల మీద మూడు వందల గ్రాములు.

సూపర్‌వైజర్ కుట్టికృష్ణన్ అద్దాలు తుడుచుకున్నడు,
కాంటాను తుడిచిండు,
మళ్ల అద్దాలు తుడుచుకున్నడు.
తక్కువొస్తే దొంగతనమని రాస్తడు,
ఎక్కువొస్తే ఏమని రాయాలె?
టబ్బు పారబోయమన్నడు.
నాది ఒక దినం జీతం కోసిండు.

నేనే పారబోసిన, మోరీ జాలి మీద, నిమ్మలంగ.
అండ్ల ఆ మూడు వందల గ్రాములు ఏడున్నయో
ఎట్ల ఏరుతం?
చేపల లాంచీల మీది తడి,
కార్నిష్ మీద నడిచినోళ్ల చెమట,
మా దండెం మీద మూడు దినాలు ఆరని బనీన్లు,
అన్ని తాగి
అద్దం లెక్కనే ఉంది, ఎప్పటి లెక్కనే.

రాత్రి క్యాంపు బస్సుల ఏసీ ఉరుముతుంది.
చేతులకు ఇంక అది ఉంది, జిగటగ.
బయటి గాలిలకెల్లి తాగుతుందో
నాలకెల్లి తాగుతుందో
సమజ్ కాలే.

కడిగితే పోతది.
రూముకొచ్చినంక
నల్లా కాడ జరసేపు నిలవడ్డ.