బి-17 స్తంభం

గుంజూరు మ్యాపు మీద పెన్నుతో సున్నా చుట్టాను.
లోపల పదకొండు కొట్టాలు, నూట నలభై మూడు తలలు,
రెండు గొర్రెల మందలు.
అవి ఏ పూట ఎక్కడుంటాయో గొర్రెలకే తెలీదు.

గాలికుంటు లోపలి నుంచి బయటికొస్తుంది.
సూది బయటి అంచు నుంచి లోపలికెళ్ళాలి.
దారిలో ఎక్కడో ఎదురుపడతాం,
అక్కడికి ముందు నేను చేరాలి.
ప్లాను అంటే అంతే.

మ్యాపులో బీడున్న చోట ఇప్పుడు పద్నాలుగు అంతస్తులు.
గేటు కుర్రాడు నా ఐసు డబ్బా చూసి
"ఏ ఫ్లాటు?" అన్నాడు.
"ఆవు" అన్నాను.
వాడి రిజిస్టర్లో ఆ గడి లేదు.

గోడ వెనక పిళ్ళమ్మ కొట్టం.
నేను చెవిబిళ్ళల నంబర్లు చదువుతుంటే
ఆమె పేర్లు చెబుతోంది:
రాగులు, మబ్బు, కోపిష్టిది, పెద్దకోపిష్టిది...
బిళ్ళలు ఏడు.
తోకలు ఎనిమిది.

"మొన్న చింతామణి సంతలో కొన్నా సారూ.
చొంగ లేదు, కుంటు లేదు, దీనికేం?"

ఇరవై ఒక్క రోజులు విడిగా కట్టాలన్నాను.
వేరే తొట్టి, వేరే బకెట్టు,
పాలు పిండే చెయ్యి అన్నిటి తర్వాత దాని దగ్గరికి.

ఆమె నవ్వింది.
"మేం ఐదుగురం పండుకునేది ఒక్క రూము.
ఈ బెంగళూర్లో విడిగా ఉండే జాగా
ఎవరికుందప్పా?"

నా కాగితంలో 'వేరుగా ఉంచవలెను' అని అచ్చయింది.
ఎక్కడో అచ్చవలేదు.

సాయంత్రానికి దొరికింది:
కోర్టులో ఆగిపోయిన అపార్టుమెంటు, కింద పార్కింగు,
బి-17 స్తంభం.
ఎవరి కారో రావలసిన చోట ఆవు.
వాచ్‌మన్ చిక్కణ్ణకి రోజూ అర లీటరు.
ఆ ఆవువి కావు, గట్టిగా చెప్పాను.

ఆరో రాత్రి ఫోను.
నాలుక మీద పొక్కులు. గిట్టల మధ్య పచ్చి పుండు.
చాకలి సోడా నీళ్ళలో బూట్లు ముంచి దిగాను.
అంబా అంటే సెల్లారంతా అంబా అంటోంది.

సున్నపు గీత అవతలే ఆగింది పిళ్ళమ్మ,
తొక్కకుండా, కొంగు నోట్లో కుక్కుకుని.
"పేరేంటి?" అన్నాను, నోరు కడుగుతూ.
"ఇంకా పెట్టలా.
ఇరవై ఒకటో దినం పెడదామని."

పైన కొట్టంలో ఏడూ నెమరేస్తున్నాయి.
తెల్లారేలోగా ఇంకో సున్నా చుట్టాలి,
ఇంకాస్త పెద్దది.

ఎనిమిదో బిళ్ళ నా జేబులో
తాళంచెవులతో కొట్టుకుంటోంది.