తేలేవీ ములిగేవీ

పగలంతా పోర్టు వేబ్రిడ్జి దగ్గర
బొగ్గు లారీల బరువు రాస్తాను.
నిండు బండి, ఉత్త బండి,
రెంటికీ తేడా ఎంతో అదే సరుకు.
ఆ ఒక్క తీసివేత మీద నా ఇల్లు గడుస్తుంది.

సాయంత్రం ఫిషింగ్ హార్బర్లో
ఐసు ఫ్యాక్టరీ గోడ వెనక
బోర్లించిన ఫైబర్ బోటే నా నల్లబల్ల.
దాని నీలం పొట్ట మీద సుద్ద బాగానే పడుతుంది.
ఉప్పుగాలికి సుద్దే
సగం పాఠంలో మెత్తబడి విరుగుతుంది.

"మేస్టారూ, మేకు ములిగిపోద్ది గదా,
మరంత ఇనప ఓడ ఎలగ తేల్తాది?"
మైలపల్లి ఎల్లాజీ.
నా క్యారేజీ గిన్నె తీసి బకెట్లో వదిలాను. తేలింది.
వేలితో అంచు వాల్చాను.
గుడగుడమని అడుక్కి పోయింది.
అదే గిన్నె, అదే బరువు, ఏం మారిందిరా అంటే
"లోపలున్న గాలి ఎల్లిపోనాది" అన్నాడు.
జవాబులో సగం వాడిదే.
పక్కకి తోసిన నీళ్ల బరువు సంగతి
మిగతా సగం, నేను కలిపాను.

తర్కం ప్రశ్న ఒకటి చదివాను:
ఓడకి తాడు నిచ్చెన వేలాడుతోంది,
పోటుకి నీరు గంటకో మెట్టు లేస్తోంది,
మూడు గంటల్లో ఎన్ని మెట్లు ములుగుతాయి?
ద్వారకానగర్ కోచింగుల్లో మూడంటారు.
ఇక్కడ నవ్వారు.
"నీరు లేస్తే ఓడ లేవదేటి?"
పోలేశ్వరికి అదీ చాల్లేదు.
"అయినా రాత్తిరిపూట నిచ్చెన ఎవుడు ఒగ్గీసేడు?
డీజిల్ దొంగలెక్కిపోరూ?"
దానికి పుస్తకం వెనక పేజీల్లో జవాబు లేదు.
మార్కు మాత్రం వేశాను.

గాలుల పాఠం వాళ్లే నాకు చెప్పారు.
పగలు నీళ్ల మీంచి, తెల్లారగట్ల గట్టు మీంచి.
నేల తొందరగా వేడెక్కి తొందరగా చల్లారుతుందని
కారణం ఒక్కటే నేనిచ్చాను.
"మా తాత మూడింటికి తెరసాప ఎత్తీసీది
అందుకేనేటి?" అన్నాడొకడు,
పోయిన తాతని అప్పుడే కలుసుకున్నట్టు.

నిన్న గంట్ల దానయ్య అడిగాడు.
వలల కుప్పకి ఆనుకుని కూర్చుంటాడు, ఎప్పుడూ అడగడు.
"మేస్టారూ, ములిగిపోయిన మనిషి
మూడో రోజు ఎందుకు తేల్తాడు?"

ఐసు దిమ్మ పగలగొడుతున్న చప్పుడు.
డాల్ఫిన్ నోస్ మీద దీపం రెండుసార్లు తిరిగింది.
వాళ్ల చిన్నాన్న సంగతి పేటంతా ఎరుగుదుం.
ఇప్పుడెందుకురా అనొచ్చు.
దేవుడి మీదకి నెట్టేయొచ్చు.
వాడు దేవుణ్ణి అడగలేదు.

చెప్పాను.
ఊపిరితిత్తుల్లో నీరు చేరితే బరువు గెలుస్తుందని,
తర్వాత లోపల కంటికి కనబడని జీవులు పని మొదలెడతాయని,
వాయువు పుట్టి ఒళ్లు ఉబ్బుతుందని,
బరువు అంతే, చోటు పెరుగుతుందని,
నీళ్లు చల్లగా ఉంటే నాలుగో రోజో ఐదో రోజో కావచ్చని.
వేబ్రిడ్జి తెర మీద అంకెల్లా
నా గొంతు ఊగి, ఊగి, ఒకచోట నిలిచింది.

వాడు బకెట్ వైపు చూశాడు.
"గిన్నెలాగే."
"అవును."
"అయితే గంగమ్మ కోపం తగ్గి ఒగ్గీలేదన్నమాట."
"ఆవిడకి మీ చిన్నాన్న మీద కోపమే లేదురా."

నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. నేను చూడలేదు.
వచ్చినప్పుడు ఎంత, వెళ్లేటప్పుడు ఎంత
తూచే యంత్రం నా దగ్గర లేదు.

అందరూ లేచాక
వాడు మోచేతి దాకా బకెట్లో ముంచి
గిన్నె పైకి తీశాడు,
చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు.
రేపు మధ్యాహ్నం నా అన్నం అందులోనే.