గాలివాటం

మంచె చెలమకు తూర్పున కట్టాలి.
మస్తానయ్య మామ నాకు చెప్పిన మొదటి మాట ఇది.
రెండోది, నోరు మూసుకోమని.

ఉదయగిరి కొండ కింద నల్లమద్ది చెట్టు.
కొమ్మల నడుమ నాలుగు వెదుళ్లు, రెండు చింకి గోతాలు.
నాకప్పుడు పదహారేళ్లు.
తలకు కొబ్బరినూనె రాసుకొచ్చానని
చెంప మీద ఒకటిచ్చి
వాగు మట్టితో జుట్టు రుద్దించాడు.

"కంటిని మోసం చెయ్యొచ్చబ్బయా,
ఆకొకటి అడ్డం పెట్టుకుంటే చాలు.
చెవినీ చెయ్యొచ్చు, దగ్గు మింగితే.
ముక్కుతోనే కుదరదు.
గాలి ఎవురి పక్కనుంటే వాళ్లదే ఈ రాత్రి."

రొండిన జిల్లేడుకాయ ఎప్పుడూ ఉండేది ఆయనకు.
గోటితో చీల్చి ఒక్క దూదిపోగు వదిలేవాడు.
అది కొండకేసి పోయిందా,
తుపాకీ మీద గోతం కప్పేసి
బీడీ అయినా ముట్టించకుండా కూర్చునేవాడు.

సాయంత్రం గాలి కావలి వైపు నుంచి వస్తుంది.
అంత దూరం నడిచీ ఇంకా కాస్త తడిగానే.
మన చెమటంతా మూటగట్టుకెళ్లి
కొండకు అప్పజెప్పేస్తుంది.
పొద్దు గూకాక అలిసిపోతుంది.
అప్పుడు కాసేపు ఏ గాలీ ఉండదు.
చెడ్డదంటే ఆ కాసేపే:
వాసన ఎటూ పోలేక
మంచె కాళ్ల చుట్టూ మడుగు కడుతుంది.
తర్వాత, బండలు చల్లారుతుండగా,
కొండ మెల్లిగా ఊపిరి వదులుతుంది.
దూదిపోగు మన ముఖాల మీదుగా పల్లానికి పోతుంది.

"ఇంక మనం లేం" అనేవాడు మామ,
బాకీ తీరినవాడిలా.

ఆ వైశాఖంలో సముద్రంలో వాయుగుండం.
ఆరు రాత్రులు తూర్పుగాలి ఆగలేదు.
చీకట్లో ఎండుటాకు నలిగేది,
దగ్గరికొచ్చేది,
వెనక్కి పోయేది.
చెలమ అరిచేయంత మిగిలింది.
ఏడో రాత్రి గాలి తిరిగింది.
పెంటి దుప్పి ఒకటి నేరుగా నడిచొచ్చి
చుట్టూ చూడను కూడా చూడకుండా
తాగింది, తాగింది, తాగింది.

మామ కాల్చాడు.
దాటేసి చెప్పను. ఆ మాంసం నేనూ తిన్నాను.
కోసినప్పుడు దాని పొట్టలో నీళ్లు
ఇంకా చల్లగానే ఉన్నాయి.

ఇప్పుడు అదే చెట్టుకు ఇనప మంచె.
అటవీ శాఖ రోజుకూలీని నేను.
ఎండాకాలం పున్నమికి దుప్పుల్ని లెక్కపెడతాం.
ఒక కాగితం, దారం కట్టిన పెన్ను,
పోతులకు ఒక గడి, పెంటులకు ఒక గడి, పిల్లలకు ఇంకోటి.
మొన్న నడిరేయి పదకొండు దిగాయి.
నీళ్లల్లో వెన్నెలని మూతులతో చెరిపేస్తున్నాయి.
ఉన్నట్టుండి గాలి మెలి తిరిగింది.
ముసలి పెంటి ఒకటి తలెత్తి
ముందుకాలితో నేలను కొట్టింది.
ఒక్క కూత.
చెలమ మీద అలలు తప్ప ఏమీ లేవు.

తుపాకీ లేదని గాలి చెప్పదు.
పెన్ను సంగతి దానికేం తెలుసు.
మనిషి అని ఒక్కటే చెబుతుంది.
అదేమీ అబద్ధం కాదు.

నిన్న నెల్లూరు పెద్దాసుపత్రికి వెళ్లాను.
మామ ఊపిరి కొలిమితిత్తిలా ఆడుతోంది.
పైన ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది.
"దీనికి దిక్కు లేదబ్బయా" అన్నాడు.
గాలి గురించే అన్నాడనుకుంటాను.

జేబులోంచి జిల్లేడుకాయ తీసి
ఒక్క పోగు వదిలాను.
అది రెండు సుళ్లు తిరిగి
పక్క మంచం ముసలమ్మ గంజిగ్లాసులో పడింది.
మామ కళ్లు దాని వెంటే పోయి
తలుపు దగ్గర ఆగాయి, చాలాసేపు.

మంచం కాస్త తూర్పుకి జరపమన్నాడు.
జరిపాను, నర్సమ్మ తిడుతుంటే.