నాలుగో నెల చుక్క

ఎర్రనీళ్ళు తీసి వారం కాలేదు.
రేవు దిగితే మోకాటి దాకా ఒండ్రు.
చెప్పులు చేతిలో, టీకాల పెట్టె భుజాన,
ముందు ఆశా వర్కర్ నూకరత్నం,
వెనక నేను,
మొగలిలంకలో నెలకో బుధవారం
పిల్లల్ని తూకం వేసే మనిషిని.

అచ్చియ్యమ్మ గారి పశువులపాక దూలానికి
త్రాసు కొక్కెం తగిలిస్తాను.
సంచిలో కాళ్ళు దూర్చి వేలాడతారు,
ఒకడు ఏడుస్తాడు, ఒకతి ముల్లుకేసి చూస్తుంది,
ఎవరో ఒకరు నా మీద తప్పకుండా పోస్తారు.

దీవెనరాజు వంతు. ఐదు నెలలు.
ఏడో నెలలోనే తొందరపడి పుట్టాడు,
కిలో ఏడువందలు,
నా మోచేతి నుంచి వేళ్ళ దాకా సరిపోయేవాడు.
అమలాపురం ఆస్పత్రిలో వాళ్ళమ్మ సువార్త
పద్దెనిమిది రోజులు వాణ్ణి రైకలో
గుండెకు ఆనించి కట్టుకుని
కూర్చునే నిద్రపోయింది.
పాలు పిండి ఉగ్గుగిన్నెతో
చుక్క చుక్కా మింగించింది.

ముల్లు నాలుగు ఎనిమిది దగ్గర ఆగింది.
కార్డు తెరిచాను. పోయిన నెల చుక్క: నాలుగు తొమ్మిది.
గీత కిందికి వంగింది.

"పాలు సరిగ్గా పట్టట్లేదా?
డబ్బాపాలు మొదలెట్టావా? నీళ్ళు కలుపుతున్నావా?"
వరసలో తల్లులందరూ వింటుండగా అడిగాను.
సువార్త మాట్లాడలేదు.
సంచిలోంచి వాణ్ణి తీసుకుని
కొంగు నెత్తిన కప్పి
ఎండలోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఇంకొందరి గీతలూ కుంగాయి.
వరద కదా అనుకున్నాను.
వాళ్ళ విషయంలో తప్పు గోదారిది,
సువార్త విషయంలో సువార్తది.

రాత్రి అన్నం కలుపుతుంటే గుర్తొచ్చింది.
పోయిన నెల పడవలో సంచి తడిసిపోయింది.
అచ్చియ్యమ్మ గారు పాత చీర ఇస్తే
ఉయ్యాలలా కట్టి తూచాను.
ముల్లు సున్నాకి తిప్పానా?
చెయ్యి కడుక్కుని, మా అమ్మ నేతచీర ఒకటి తీసి
కొక్కేనికి తగిలించాను.
నాలుగు వందల గ్రాములు.
బిడ్డ తగ్గలేదు. మూడు వందలు పెరిగాడు.
నేనే చీరని కూడా బిడ్డలో కలిపేశాను.

మర్నాడు మొదటి పడవకే వెళ్ళాను.
"తప్పు నాదమ్మా" అన్నాను.
సువార్త కళ్ళు ఉబ్బి ఉన్నాయి.
"రాత్రి నాలుగుసార్లు లేపి పట్టానండి.
తాగలేక కక్కేశాడు" అంది, అంతే.
ఆ వాంతి మరక ఇంకా తన భుజం మీద ఉంది.
వాడు మాత్రం నా జేబులోని పెన్ను వైపు
రెండు చేతులూ చాచాడు.

అచ్చియ్యమ్మ గారికి వేరే బెంగ.
"పక్కింటి పిల్ల నాలుగో నెలకే బోర్లాపడింది,
బొబ్బట్లు కూడా పంచేశారు. మావాడో?"
ముందే పుట్టాడు కదా,
రెండు నెలలు తీసేసి లెక్కపెట్టాలండి, అన్నాను,
వేళ్ళు మడిచి చూపించబోయాను.
"ఆయ్, అంతేనాండి!
నారు కొట్టుకుపోయి మళ్ళీ ఊడ్చిన చేను
పక్క చేనుతో పాటు ఈనమంటే ఈనుద్దా?"
మూడు రోజుల శిక్షణలో నాకు
బొమ్మలు గీసి చెప్పింది ఇదే.

కార్డులో దిద్దకూడదు.
పాత చుక్కని అడ్డంగా కొట్టి, పక్కన సంతకం చేసి,
కింద అసలు చుక్క పెట్టాను.
తక్కిన ఎనిమిది ఇళ్ళకూ తిరిగాను,
ప్రతి గుమ్మంలోనూ అదే మాట చెప్పుకుంటూ.
ఒకావిడ మజ్జిగ ఇచ్చింది.
ఒకావిడ తలుపు తీయలేదు.

తర్వాత రెండు నెలలకి
నూకరత్నం సబ్‌సెంటర్‌కి అరిటాకు పొట్లం తెచ్చింది.
నెయ్యి ఊరి ఆకు నల్లబడింది, మూడు బొబ్బట్లు.
ఎవరు పంపారని అడగలేదు.
నా పుస్తకంలో ఆ పేరు ఎదుట
దీనికి గడి లేదు.
అంచున, చిన్న అక్షరాలతో రాసుకున్నాను:
బోర్లాపడ్డాడు. ఏడో నెల.
అంటే, ఐదు.